తుడవని పలక

చిక్కడపల్లి, హైదరాబాద్
14 మార్చి 1993

అజీజూ,

మూడు కార్డులు రాశావు, ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఎన్ని తిట్లు తిట్టుకున్నావో అన్నీ ఒప్పుకుంటున్నాను. వాటిని మూటగట్టి అటక మీద పెట్టి నా కబురు విను. నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఒక నిజం దవాఖానలో, నిజం మనుషుల కోసం పనిచేస్తోంది!

ఇక్కడ ఒక పెద్ద ట్రస్టు దవాఖాన ఉంది. గేటు దగ్గర విచారణ కిటికీ. మొన్నటిదాకా అక్కడ ఒక లావుపాటి రిజిస్టరు, దాని చుట్టూ జాతర. మావాడు చేరాడా, ఏ వార్డు, ఏ మంచం అని ఒకటే అరుపులు. జవాబు దొరకనివాళ్లు వార్డులన్నీ తిరిగి ఒక్కొక్క మొహమూ చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ కిటికీలో కంప్యూటర్ పెట్టారు. ప్రమీలాదేవి గారని ఒకామె కూర్చుని పేరు, ఊరు కొడతారు. రోగి ఉంటే వార్డు నంబరుతో చీటీ వస్తుంది. చీటీ ఉన్నవాళ్లకే లోపలికి దారి. వార్డులు ఎంత నిశ్శబ్దంగా ఉన్నాయో నువ్వు చూడాలి.

మొదటి వారం మాత్రం నా పరువు పోయింది. రోగుల పేర్లన్నీ ఉండేది లోపలి గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్లో. కిటికీలోది ప్రతి పేరుకూ తీగ మీదుగా అక్కడికి పోయి, వెతికి, తిరిగి రావాలి. ఒక్కోదానికి నిమిషంన్నర. ఒకే రోగి కోసం పదిమంది చుట్టాలు వస్తే పదిసార్లూ పోవాల్సిందే. "మీ మిషన్ కంటే మా రిజిస్టరే నయముండె" అని చౌకీదారు కూడా అన్నాడు. ఆ రోజు గదికొచ్చి అన్నం తినలేదు.

అప్పుడు గుర్తొచ్చారే మీ నాన్న! బడి వదిలాక మనిద్దరం సిద్దిపేట బస్టాండులో అమీన్ చాచా ఎంక్వైరీ కిటికీ వెనక బెంచీ మీద కూర్చునేవాళ్లం కదా. కరీంనగర్ బస్సు ఎప్పుడని ఎవరైనా అడిగితే చాచా డిపోకు ఫోన్ తిప్పేవారు. జవాబు పలక మీద రాసి కిటికీకి ఆనించేవారు. తర్వాత అడిగిన యాభై మందికీ ఆ పలకే జవాబు. "ఒక్కపారి అడిగినదానికి మళ్ల మళ్ల ఫోను తిప్పుడెందుకు బిడ్డా, డిపోటోడు కోపానికొస్తడు" అనేవారు.

నేనూ అదే చేశాను. కిటికీ కంప్యూటర్ మెమరీలో ఒక పలక కట్టాను. ఒక పేరు మొదటిసారి అడిగితే తీగ మీద పోయి జవాబు తెస్తుంది. తెచ్చి పలక మీద రాసుకుంటుంది. అదే పేరు మళ్లీ అడిగితే ఎక్కడికీ పోదు, పలక చూసి ఠక్కున చెప్పేస్తుంది. "ఉన్నాడు" అన్నదే కాదు, "లేడు" అన్నదీ రాసుకుంటుంది. లేని పేరు వెతకడానికే మరి అన్నిటికంటే ఎక్కువ సేపు పడుతుంది. ఇప్పుడు జనం కిటికీ దగ్గర నిలబడటమే లేదు. అడగడం, పోవడం.

ఈ ఉత్తరం చాచాకు చదివి వినిపించు. గురుదక్షిణగా ఏం కావాలో అడుగు.

నీ స్వరాజ్యం


సిద్దిపేట
25 మార్చి 1993

స్వరాజ్యలక్ష్మి ఇంజనీరమ్మ గారికి సలాం,

నీ ఉత్తరం చదువుతుంటే మన తెలుగు టీచరు అంజమ్మ మేడం గుర్తొచ్చింది. అందుకే నేనూ పుస్తకం తెలుగులోనే రాస్తున్నాను, తప్పులు దిద్దకు. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నేను బుద్ధిగా రాయడం చూసి నవ్వుతున్నారు.

అబ్బాకు నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే గల్లీలోవాళ్లను కూడా పిలిచారు. "నా పలక హైద్రాబాదుల నౌకరి జేస్తుంది సూడుండ్రి" అని ఒకటే మురిసిపోవడం. రిటైరయ్యాక ఆ పలక ఇంటికి తెచ్చుకున్నారని నీకు చెప్పానా? గుమ్మం పక్కన మేకుకు తగిలించారు. నల్లా ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో కనుక్కుని ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాస్తారు. మా అమ్మీ, "ముసలాయన ఇల్లును బస్టాండు చేసిండు" అని గొణుగుతుంది. కానీ బిందె పట్టుకుని మొదట పలక చూసేది ఆమే.

ఈ మురిపెమంతా అయ్యాక కాసేపు గడ్డం గోక్కుని ఒక మాట అడిగారు. నీకు రాయమన్నారు, రాస్తున్నాను. "రాసుడు సరే. తుడుసుడు ఎవరు జేస్తరు?"

తనకైతే ఫోన్ మోగగానే ఎడమచెయ్యి ముందు పలక తుడిచేదట, ఆ తర్వాతే కుడిచెయ్యి ఫోన్ ఎత్తేదట. డిపోవాళ్లు ఊరికే ఫోన్ చెయ్యరు, ఏదో మారితేనే చేస్తారు. మారిందని తెలిశాక పాత మాట ఒక్క నిమిషం కూడా కిటికీలో ఉండకూడదంటారు. "పాత పలక సూసి ఒక్కడు బస్సు తప్పినా నా పాపమే బిడ్డా" అన్నారు. నాకైతే నీ కంప్యూటర్ సంగతి ఒక్క ముక్క అర్థం కాలేదు, నువ్వే చెప్పుకో.

మా ఆయన అన్సార్ గజ్వేల్ మార్కెట్ నుంచి నీకోసం వంకాయలు పంపుతానంటున్నాడు. బస్సులో వచ్చేసరికి పచ్చడవుతాయని నేనే ఆపాను. పెళ్లి మాట ఎత్తను, భయపడకు.

నీ అజీజున్నీసా


చిక్కడపల్లి
11 ఏప్రిల్ 1993

అజీజూ,

చాచా ఊరికే ఎంక్వైరీ సాబు కాలేదే! మా మేనేజరు కూడా అడగని ప్రశ్న అడిగారు. చెప్పు ఆయనకు, తుడిచే పని నేను పెట్టుకోలేదు, దానంతట అదే అవుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ప్రమీలాదేవి గారు స్విచ్చు ఆపేసి, కంప్యూటర్‌కు గుడ్డ కప్పి, దండం పెట్టుకుని ఇంటికి పోతారు. స్విచ్చు ఆగితే మెమరీలో ఉన్నదంతా పోతుంది. పొద్దున మళ్లీ కొత్త పలకే. ఒక్కరోజు పాత మాట ఉంటే ఏం మునిగిపోతుంది?

ట్రస్టువాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారంటే, మే నెల నుంచి ఆ కిటికీ రాత్రింబవళ్లు తెరిచి ఉంచుతారట. కరెంటు పోయినా ఆగకుండా పెద్ద బ్యాటరీ కొంటున్నారు. నా ప్రోగ్రాం నిద్రపోదిక!

చాచా కళ్లద్దాలు మార్చాలని ఆ మూడు కార్డుల్లో ఒకదాంట్లో రాశావు. ఇక్కడికి రమ్మను. అద్దాలు చేయించి ఆయన శిష్యురాలి కిటికీ చూపిస్తాను.

స్వరాజ్యం


సిద్దిపేట
22 జూన్ 1993

స్వరాజ్,

నీ దగ్గర్నుంచి ఇల్లు చేరి ఆరు రోజులైంది. ఉత్తరం రాయడానికి ఇవాళ చెయ్యి వచ్చింది.

అబ్బా రాలేదు. ఎక్కడా కబురు లేదు. బక్రీద్ అయిన వారానికి, సోమవారం పొద్దున, కళ్లద్దాల కోసమని, పలక మీద "హైదరాబాద్ పోతున్న, సాయంత్రం వస్త" అని రాసి బస్సెక్కిన మనిషి. ఆ రాత్రి బస్సు తప్పి, నీ గదికి కూడా రాకుండా మసీదులో పడుకున్నారని, మంగళవారం తెల్లవారి నమాజు చేసుకుని బస్సు కోసం బయల్దేరారని అన్సార్ తెలుసుకొచ్చాడు. అంతే. మసీదు మెట్లు దిగాక ఆయన్ను చూసినవాళ్లు లేరు.

మంగళవారం పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి నీకు ఫోన్ చేస్తే, ఒక్క నిమిషం వృథా చెయ్యకుండా నువ్వు దవాఖానకు ఫోన్ చేసి పేరు అడిగించావు. నీ గదిలో ఎనిమిది రోజులు ఉంచుకున్నావు, నా నోట్లో ముద్ద పెట్టావు. నీ రుణం నేను తీర్చుకోలేను.

అన్సార్ పోలీసు స్టేషన్లు, మిగతా దవాఖానలు తిరిగాడు. ఆ పెద్ద దవాఖాన నా వంతు. రోజూ పొద్దున, సాయంత్రం ప్రమీలాదేవి గారి కిటికీ ముందు నిలబడ్డాను. పదిహేను సార్లు. ఆమెకు నేను చెప్పకుండానే పేరు తెలిసిపోయింది, నన్ను చూడగానే కొట్టేది. వేరేవాళ్ల పేర్లకు కాసేపు పట్టేది, అబ్బా పేరుకు మాత్రం వేలు తీసేలోపే "లేడు" అని వచ్చేది. ఎంక్వైరీ సాబు కదా, మిషన్‌కు ఆయన బాగా తెలిసినట్టుందని ఒకరోజు పిచ్చిదానిలా నవ్వాను కూడా.

అమ్మీ పలక తుడవనివ్వడం లేదు. నల్లా ఎప్పుడొస్తుందో గల్లీలో ఎవరికీ తెలియడం లేదు. "సాయంత్రం వస్త అని రాసిండు, వస్తడు" అంటుంది. ఏ సాయంత్రమో రాయలేదు కదా అంటుంది.

నువ్వు ఆ కిటికీలో అడుగుతూనే ఉండు.

అజీజ్


చిక్కడపల్లి
30 జూన్ 1993

అజీజూ,

రోజూ ఆఫీసుకు వెళ్లగానే మొదట చేసేది ఆ ఫోనే. ఇవాళ కూడా చేశాను. లేరన్నారు. దీన్ని నేను మంచి కబురుగానే తీసుకుంటున్నాను. దవాఖానలో లేరంటే ఎక్కడో క్షేమంగా ఉన్నారని అర్థం. ఎవరింట్లోనో చిక్కుకుని ఉంటారు. అమ్మీకి ధైర్యం చెప్పు.

నువ్వు ఇక్కడున్నప్పుడు వార్డుల్లోకి పోయి వెతుకుతానని రెండుసార్లు అన్నావు. నేనే ఆపాను. పదకొండు వందల మంచాలు తిరిగి నువ్వు పడిపోతావని నా భయం. కిటికీ ఉండగా ఆ కష్టం నీకెందుకు? అందులో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

నీ స్వరాజ్యం


సిద్దిపేట
12 జూలై 1993

స్వరాజ్,

అబ్బా చనిపోయారు.

నిన్న నంగునూరు నుంచి ఇశ్రాయేలు అని ఒకతను రెండు చంకల కర్రల మీద బస్టాండుకు వచ్చాడు. ఎంక్వైరీ సాబు ఇల్లెక్కడని అడుగుతుంటే ఎవరో మా ఇంటికి తీసుకొచ్చారు. బావి పూడిక తీస్తూ పడి కాలు విరిగి రెండు నెలలు దవాఖానలో ఉన్నాడట. జేబులోంచి అబ్బా టోపీ తీసి అమ్మీ చేతిలో పెట్టాడు. అమ్మీ దాన్ని వాసన చూసింది. నేను ఇంకేమీ అడగనవసరం లేకపోయింది.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"నా పక్క మంచమే అమ్మా. మంగళారం పగటీలి తెచ్చిన్రు. స్కూటరు గుద్దిందట, తలకు దెబ్బ. పేరు, ఊరు చెప్పిండు, గంతే. అటెన్క తెలివి వస్తుండె, పోతుండె. తెలివొచ్చినప్పుడల్ల ఒక్కటే మాట. 'కిటికీ కాడ ఎవరన్న అడిగిన్రా?' అని. మీకు కబురు పంపాలె అంటే, 'ఏం ఫికర్ లేదు భాయ్, నా బిడ్డ ఎంక్వైరీ సాబు బిడ్డ. ఎటూ ఉరకది. సీదా కిటికీ కాడికే వస్తది' అన్నడు. నా పెండ్లాం రాములవ్వ అయితారం వస్తే మీ ఊరికి కబురంపుదామనుకున్న. వానలు పడి ఇత్తనాలు పెట్టబట్టిరి, ఆ అయితారం అది రాలే. బేస్తారం పొద్దుగాల సాబు కండ్లు తెరువలే. లావారిస్ అని తీస్కపోయిన్రు."

లావారిస్. దిక్కులేనివాడు! నేను అన్ని రోజులు ఆ కిటికీ ముందే నిలబడ్డాక కూడా.

బేస్తారం, గురువారం, అంటే పదిహేడో తేదీ. బుధవారం పొద్దున దాకా నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఇతను వేరే దవాఖాన చెబుతున్నాడేమోనని మళ్లీ మళ్లీ అడిగాను. అదే గేటు, అదే చౌకీదారు, కిటికీ పక్కనుంచి ఎక్కే మెట్లు, మెట్లెక్కగానే నాలుగో వార్డు. ఇదెట్లా జరిగింది? ఎవరైనా పేరు వేరుగా రాసుకున్నారా? నువ్వే కదా ఆ మిషన్ కట్టింది, నీకే తెలుస్తుంది. కనుక్కో. నాకు ఇంకేమీ వద్దు, ఇదొక్కటి చెప్పు.

అజీజ్


హైదరాబాద్
16 జూలై 1993

అజీజున్నీసాకు,

నీ ఉత్తరం అందింది. చాచా పోయారన్న వార్త చదివి ఎంత బాధపడ్డానో మాటల్లో చెప్పలేను. దవాఖాన రికార్డులు పరిశీలిస్తున్నారు. పూర్తి వివరాలు తెలియడానికి కొంత సమయం పట్టవచ్చు. తెలిసిన వెంటనే రాస్తాను. అమ్మీ ఆరోగ్యం జాగ్రత్త.

స్వరాజ్యలక్ష్మి


సిద్దిపేట
19 జూలై 1993
(కార్డు)

స్వరాజ్, నీకూ నాకూ దోస్తీ ఇరవై ఏళ్లు. ఇన్నేళ్లలో నువ్వు నన్ను అజీజున్నీసా అని పిలవలేదు, స్వరాజ్యలక్ష్మి అని సంతకం పెట్టలేదు. "పరిశీలిస్తున్నారు" అంటున్నావు. ఎవరు పరిశీలిస్తున్నారు? నువ్వు దాస్తున్నది ఏదైనా సరే, రాయి. దాని గురించి నేను ఊహించుకుంటున్నది దానికంటే ఘోరంగా ఉంది.


చిక్కడపల్లి
22 జూలై 1993

అజీజూ,

నువ్వు ఊహించుకున్నది ఇంతకంటే ఘోరంగా ఉండదు.

నీ ఉత్తరం అందినరోజే దవాఖానకు పోయాను. క్యాజువాలిటీ రిజిస్టరు చూశాను. అమీనుద్దీన్, సిద్దిపేట, వయసు అరవై ఒకటి. జూన్ ఎనిమిది, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. పేరు సరిగ్గా ఉంది. లోపలి పెద్ద కంప్యూటర్లో కూడా సరిగ్గానే ఎక్కించారు. తప్పు ఎవరిదీ లేదు, నాది తప్ప.

కిటికీలో అడిగిన ప్రతి ప్రశ్నా, టైముతో సహా, ఒక చిట్టాలో పడేటట్టు ప్రోగ్రాంలో రాశాను. దాన్ని తీసి చూశాను. నువ్వు ఊరికి పోయేలోపు చాచా పేరు పదహారు సార్లు అడిగారు. పదిహేను నువ్వు అడిగినవి. అన్నిటికంటే ముందుది మంగళవారం పది గంటల నలభై నిమిషాలకు. అది నేను ఫోన్ చేసి అడిగించింది.

అప్పటికి చాచా ఇంకా దవాఖానకు రాలేదు. కంప్యూటర్ తీగ మీద పోయి వెతికి, నిజమే చెప్పింది, లేడని. చెప్పి, పలక మీద రాసుకుంది. గంటన్నర తర్వాత ఆయన్ను తెచ్చారు. ఆ సంగతి లోపలి కంప్యూటర్‌కు తెలుసు, కిటికీలోదానికి తెలియదు. ఎందుకంటే అది మళ్లీ పోయి చూడలేదు. చూడొద్దని నేర్పింది నేనే. నువ్వు అడిగిన పదిహేను సార్లూ అది నా మంగళవారం పొద్దుటి జవాబే నీకు చెప్పింది. అందుకే వేలు తీసేలోపు వచ్చేది.

సాయంత్రం స్విచ్చు ఆపేస్తే పలక తుడుచుకుపోతుందని చాచాకు ఎంత గొప్పగా రాశానో నీకు గుర్తుందా? అదే ఉత్తరంలో రాత్రింబవళ్లు నడుస్తుందని కూడా రాశాను. ఒకే చేత్తో, ఒకే కాగితం మీద. బ్యాటరీ వచ్చాక మే ఇరవై నుంచి ఎవరూ ఆ స్విచ్చు ముట్టలేదు. ముట్టొద్దని ప్రమీలాదేవి గారికి చెప్పింది కూడా నేనే. చాచా అడిగారు కదే, తుడుసుడు ఎవరు జేస్తరని! ఒక్కరోజుకు ఏం మునిగిపోతుందన్నాను.

నేను ఆ రోజు ఫోన్ చెయ్యకుండా ఉంటే ఆ పేరు మొదట అడిగేది బుధవారం పొద్దున నువ్వే. అది పోయి చూసేది. నీకు చీటీ వచ్చేది. ఇరవై మెట్లు.

చిట్టా చూశాక ప్రమీలాదేవి గారితో ఆ పేరు ఇంకోసారి కొట్టించాను. వెంటనే వచ్చింది, లేడని. అప్పుడు నా చేత్తో స్విచ్చు ఆపాను. పది లెక్కపెట్టి మళ్లీ వేశాను. పేరు కొట్టాను. ఈసారి నిమిషంన్నర పట్టింది. నాలుగో వార్డు, పదకొండో మంచం, మరణం జూన్ పదిహేడు అని వచ్చింది. ప్రమీలాదేవి గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఆ బిడ్డకు అన్నిసార్లు లేడని జెప్పింది నేనేనా అమ్మా?" అన్నారు.

ఇంకొకటి కూడా తెలిసింది. ఇదివరకు ఎవరూ చూడటానికి రాని రోగులుంటే వార్డులోవాళ్లు వాళ్ల ఊరికి కార్డు రాసేవారట. కిటికీ వచ్చాక అది మానేశారు. కావలసినవాళ్లు కిటికీ దగ్గర అడుగుతారు కదా అని.

ఇదంతా కాగితం మీద పెట్టొద్దని మా మేనేజరు అన్నాడు. నీకు పదహారున ఆ దిక్కుమాలిన ఉత్తరం అందుకే రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇప్పుడు పెడుతున్నాను. ఇది నా దస్తూరీ, నా సంతకం. ఎవరికి చూపించుకున్నా నీ ఇష్టం.

ప్రోగ్రాం మార్చాను. "లేడు" అన్న జవాబు అది ఇక రాసుకోదు. అడిగిన ప్రతిసారీ పోయి చూసి వస్తుంది. జనం మళ్లీ తిడుతున్నారు. తిట్టనీ.

ఖబరస్తాన్‌కు పోయాను. కాపలా ముసలాయన రిజిస్టరు చూసి చాచాను పెట్టిన చోటు చూపించాడు. తూర్పు గోడ పక్కన, వేపచెట్టు నుంచి మూడోది. గుర్తుకు ఒక రాయి పెట్టించాను. పేరు రాయించలేదు, ఆ హక్కు నాకు లేదు.

నేను సిద్దిపేట రావాలనుకుంటున్నాను. అమ్మీ కాళ్ల మీద పడాలని ఉంది. రమ్మంటావా?

స్వరాజ్యం


సిద్దిపేట
28 జూలై 1993

స్వరాజ్,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. అన్సార్‌కు చదివి వినిపించాను. అతను లేచి గజ్వేల్ బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను నిన్ను తిట్టాలని కాగితం ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. తిడతాను. నువ్వు మా అబ్బాను నాకు చూపించకుండా చేశావు. ఆయన పైన నా కోసం ఎదురుచూస్తుంటే నన్ను కింద నిలబెట్టావు. నీ తెలివి తగలబడ. ఆ తెలివి లేకుండా ఏ రిజిస్టరో ఉండి ఉంటే మా అబ్బా నా చేతుల్లో పోయేవారు.

ఇప్పుడు నేను నీకు దాచింది చెబుతాను.

నేను వచ్చిన ఆరో రోజు, సోమవారం సాయంత్రం. చౌకీదారు ముసలాయన నన్ను రోజూ చూస్తున్నాడు కదా, పక్కకు పిలిచాడు. "చీటీ లేకున్న మంచిదే బిడ్డా, ఎవరు లేరిప్పుడు. ఒక్కపారి పైకి పోయి మొఖాలు సూసి రా" అని గేటు కొంచెం తెరిచాడు. నేను ఏమన్నానో తెలుసా? "వద్దు తాతా, ఆ మిషన్ నా దోస్తు కట్టింది, అబద్ధం చెప్పదు" అన్నాను. గర్వంగా అన్నాను. ఆయన గేటు మూశాడు. ఇశ్రాయేలును అడిగితే ఆ సోమవారం సాయంత్రం అబ్బాకు తెలివి ఉందట. నీళ్లు అడిగి తాగారట.

అందుకే నీకు పూర్తిగా కోపంగా రాయలేకపోతున్నాను. రాయబోతే ఆ గేటు గుర్తొస్తుంది. నువ్వు చెయ్యని తప్పు ఒకటి నేను చేశాను. తలుపు తెరిచి ఉన్నా లోపలికి పోలేదు.

నిన్న నలభయ్యో రోజు ఫాతెహా చేయించాము. అందరూ పోయాక అమ్మీ గుమ్మం దగ్గర నిలబడింది. పలక మీద "సాయంత్రం వస్త" ఇంకా అట్లాగే ఉంది. యాభై రోజులు దాని మీద ఈగ వాలనివ్వలేదు ఆమె. నీ ఉత్తరంలోది అంతా ఆమెకు చెప్పాను. కొంగు తడిపి, ఎడమచేత్తో, అబ్బా తుడిచినట్టే తుడిచింది. "ఇది గిట్లనే ఉంటె నేను సచ్చేదాంక సాయంత్రమే సూద్దును" అంది. ఆ తర్వాత కింద కూర్చుని ఏడ్చింది. యాభై రోజుల్లో ఏడ్వడం అదే మొదలు. నేను ఆపలేదు, పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఇక పుస్తకం తెలుగు నావల్ల కాదు స్వరాజ్.

వస్త అని రాసినవు, రమ్మంటవా అని అడిగినవు. రాకు. నీ మొఖం సూస్తె నాకు కిటికీ కనవడ్తది. నిన్ను అలాయ్‌బలాయ్ తీస్కునే చేతులు లేవు నాకు. వద్దు.

గని ఇది ఇయ్యాల్టి జవాబు. గిదే పట్టుకొని కూసోకు. పై నెల మళ్ల కార్డు రాయి, మళ్ల అడుగు. అప్పుడు గూడ వద్దంటె, ఆ పై నెల అడుగు. అన్నిసార్లు వద్దన్నా గూడ, ఇగ అజీజ్ జవాబు నాకు ఎరికేనని మాత్రం అనుకోకు. నేను పదిహేను పార్లు అడిగిన. నువ్వు గూడ అడుగు.

అజీజ్